బస్సెక్కే ముందు సూది

"మా కోడలికి జ్వరం కూడా టైము చూసుకునే వస్తుంది" అంది రావమ్మ, ఇంటికొచ్చిన చుట్టాలకు పకోడీల పళ్లెం అందిస్తూ. "తోటలో కాయ కోతలు మొదలయ్యాయో లేదో, ఒళ్లు కాలిపోతోందంటుంది. తీరా విజయవాడ తీసుకెళ్లి టెస్టు చేయిస్తే ఏమీ లేదంటారు."

చుట్టాలు నవ్వారు. వంటగదిలో టీ వడగడుతున్న వినీలకు ఆ మాటా వినబడింది, ఆ నవ్వూ వినబడింది. ఆమె చెయ్యి ఆగలేదు. గ్లాసుల్లో టీ పోసి, ట్రేలో పెట్టి, తీసుకొచ్చి అందరికీ ఇచ్చింది. అత్తగారికి చక్కెర తగ్గించి కలిపిన గ్లాసు విడిగా అందించింది. ఆ గ్లాసు పుచ్చుకుంటూనే రావమ్మ మాట పూర్తి చేసింది.

"నా కొడుకు పొట్ట కోయించుకుని ఇచ్చాడమ్మా. తీసుకున్నాక దాన్ని నిలబెట్టుకోవడం కూడా చేతకావాలిగా."

వినీల నోరు విప్పితే చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. మూత్రానికి వెళ్లిన ప్రతిసారీ కారం రాసినట్టు మండుతుందనీ, సాయంత్రమయ్యేసరికి చలి పుట్టి పళ్లు టకటకా కొట్టుకుంటాయనీ, పొత్తికడుపులో కుడివైపున, భర్త కిరీటి ఇచ్చిన కిడ్నీని అమర్చినచోట, చెయ్యి ఆనిస్తే నొప్పెడుతుందనీ చెప్పొచ్చు. చెప్పలేదు. మొగుడి కిడ్నీ పెట్టుకున్న ఆడది నొప్పిగా ఉందంటే, అది నొప్పిలా వినిపించదు, ఫిర్యాదులా వినిపిస్తుంది. ఆ సంగతి ఆమెకు ఆపరేషనయిన తొలి ఏడాదిలోనే అర్థమైపోయింది.

తిరువూరు బస్టాండుకు వెళ్లే రోడ్డు మీద విత్తనాలూ పురుగుమందులూ అమ్మే కొట్టు కిరీటిది. ఊరి బయట మామిడితోట ఉంది, కొంత పత్తి చేను ఉంది. పెళ్లయినప్పటి నుంచీ పగలంతా కొట్లో కూర్చునేది వినీలే. ఏ పంటకు ఏ తెగులో, ఏ డబ్బా ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెప్పగలదు. మూడేళ్ల కిందట ఆమె కిడ్నీలు రెండూ పాడయ్యాయి. తాగే నీళ్ల వల్లా, వాడిన నొప్పి మాత్రల వల్లా, మరింకేదైనా వల్లా అన్నది ఎవరూ తేల్చలేదు. డయాలసిస్ మంచం మీద నెలల తరబడి నలిగాక, కిరీటి తన కిడ్నీ ఒకటి ఇచ్చాడు.

ఊరంతా అతన్ని మెచ్చుకుంది. మెచ్చుకోదగిన పనే. కాకపోతే అదే వార్డులో మొగుళ్లకు కిడ్నీలిచ్చిన ఆడవాళ్లు వరసగా పడుకుని ఉన్నారు. వాళ్లని చూడడానికి పూలదండలు పట్టుకుని ఎవరూ రాలేదు. పెళ్లాం ఇస్తే బాధ్యత, మొగుడిస్తే త్యాగం. ఆ త్యాగం బరువంతా వినీల మీద పడింది.

ఆపరేషన్ తర్వాత రెండేళ్లు బాగానే గడిచింది. ఒళ్లు ఆ కిడ్నీని పరాయిదని తోసిపుచ్చకుండా ఉండడానికి రోజూ మాత్రలు వేసుకోవాలి. ఆ మాత్రలు ఒంట్లోని కాపలాను కాస్త నిద్రపుచ్చుతాయి కాబట్టి రోగాలు తొందరగా అంటుకుంటాయని డాక్టర్లు ముందే చెప్పారు. నీళ్లు బాగా తాగమన్నారు, మూత్రం ఆపుకోవద్దన్నారు. ఆ రెండో మాట చెప్పిన డాక్టరు తిరువూరులో ఆ కొట్ల వరసను ఎన్నడూ చూసి ఉండడు. వరస మొత్తానికీ ఆడవాళ్లు వెళ్లడానికి చోటు లేదు. మగవాళ్లు గోడ వెనక్కి వెళ్లొస్తారు. వినీల మధ్యాహ్నం కొట్టు మూసి ఇంటికెళ్లేదాకా ఆపుకునేది. ఆపుకోవడం ఇష్టంలేక నీళ్లు తాగడం తగ్గించేది. ఈ సంగతి కిరీటికి చెప్పడానికి కూడా ఆమెకు నోరు రాలేదు.

ఎండలు ముదిరేసరికి మొదటిసారి జ్వరం వచ్చింది.

జ్వరం రాగానే ఆ ఇంట్లో జరిగే పని ఒకటుంది. వీధి మలుపులో వెంకటాద్రి గారుంటారు. చదువుకున్న డాక్టరు కాదు, ఆరెంపీ. అయినా అందరికీ ఆయన డాక్టరు గారే. బైకు మీద సంచీతో వచ్చి సూది వేసి వెళతారు. విజయవాడ పెద్దాసుపత్రికి బయలుదేరేముందు ఆయన చేత ఒక సూది వేయించుకోవడం ఆ చుట్టుపక్కల అలవాటు. రెండు గంటలపైన బస్సు ప్రయాణం, దార్లో చలీ జ్వరం ముంచుకొస్తే ఎవరు పట్టుకుంటారు? అందుకని "బస్సెక్కడానికి ఓ సూది పొడిపించుకో" అంటారు. దాన్ని వైద్యం కింద ఎవరూ లెక్కపెట్టరు. తలనొప్పికి ఇంత జండూబామ్ రాసుకున్నట్టు, ప్రయాణానికి ఒక సూది, అంతే.

సూది వేస్తే జ్వరం జారేది. బస్సులో వినీల కిటికీకి ఆనుకుని ఓ కునుకు తీసేది కూడా. ఆసుపత్రిలో మూత్రం సీసాలో పట్టి ఇచ్చేది. అందులో సూక్ష్మజీవులను పెంచి చూసే పరీక్ష అది, ఫలితం రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. మూడుసార్లు వెళ్లారు. మూడుసార్లూ ఏమీ పెరగలేదనే వచ్చింది. ఆసుపత్రి వాళ్లు ఏవో మాత్రలు రాసిచ్చేవారు. పదిహేను రోజులు తిరక్కుండా మంట మళ్లీ మొదలయ్యేది.

మూడోసారి వెళ్లినప్పుడు కిడ్నీ పనితీరు చూపించే రక్తపరీక్షలో తేడా వచ్చింది. క్రియాటినిన్ పెరిగింది. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు కాగితం చూసి, వినీలను కాకుండా కిరీటిని అడిగాడు.

"పేషెంటు మాత్రలు రెగ్యులర్‌గా వేసుకుంటున్నారా? మధ్యలో మానేస్తున్నారా?"

"వేసుకుంటుందండి" అన్నాడు కిరీటి. అనడంలో కొంచెం ఆలస్యమైంది.

"ఇక్కడికొచ్చే ముందు వేరే మందులేమైనా వాడారా?"

"లేదండి."

ఆ మాట మాత్రం వెంటనే అన్నాడు. అబద్ధమాడుతున్నానని అతను అనుకోలేదు. సూది మందు కాదు కదా, బస్సెక్కడానికి వేయించుకున్నది. పైగా ఆరెంపీ పేరెత్తితే ఇక్కడి డాక్టర్లు అరుస్తారు. పక్కనే కూర్చున్న వినీల కూడా ఏమీ అనలేదు.

మర్నాడు ఉదయం వినీల స్నానం చేసి గదిలోకి వస్తే, అతను అలమార తెరిచి ఆమె మాత్రల అట్టలు ఒకొక్కటే తీసి, వాడినవెన్నో, మిగిలినవెన్నో లెక్క చూస్తున్నాడు. ఆమెను చూసి అట్టలు లోపల పెట్టేశాడు.

"ఎక్స్‌పైరీ డేటు చూస్తున్నా" అన్నాడు.

"చూడండి" అంది వినీల.

ఆ రోజు నుంచి ఆమెకు కూడా అనుమానం పట్టుకుంది. ఒకసారి పట్టుకున్నాక అది ఎవరినీ వదల్లేదు. మొదట ల్యాబ్ మీద అనుమానం. తన సీసా మీద ఇంకొకరి పేరు అంటించారేమో. తర్వాత ఆసుపత్రి మీద. ఏమీ లేదంటూనే మళ్లీ మళ్లీ రమ్మనడంలో వాళ్ల లాభం ఏమిటో. తర్వాత మాత్రల మీద. పురుగుమందుల కొట్లో కూర్చునేదానికి నకిలీ లేబులు ఎంత అచ్చంగా ఉంటుందో ఒకరు చెప్పాలా? అట్టను వెలుతురుకు పెట్టి చూసేది, అక్షరాలు తడిమి చూసేది. చివరికి కిరీటి మీద కూడా. ఇచ్చినందుకు ఇప్పుడు బాధపడుతున్నాడేమో. ఈ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసేది. అయినా వచ్చేది.

ఇన్నింటి మధ్య ఇంకొకటి కంటబడింది. వెంకటాద్రి గారు సూది వేశాక ఖాళీ సీసాను చెత్తబుట్టలో వెయ్యరు. దూది వేస్తారు, సిరంజి తొడుగు వేస్తారు. సీసా మాత్రం సంచీలో వేసుకుని వెళతారు.

వానలు పడి పత్తి నడుముదాకా ఎదిగిన రోజుల్లో, వినగడప నుంచి వెంకటప్పయ్య అనే రైతు కొట్టుకొచ్చాడు. పాత ఖాతాదారు, కిరీటికి వరసకు మావయ్య. తువ్వాల్లో మూటగట్టుకొచ్చిన పత్తాకులు బల్ల మీద పరిచాడు.

"ఆకు ముడుచుకుపోతోంది కిరీటీ. ఏం పురుగో చూసి, గట్టి మందియ్యి."

కిరీటి ఆకు తిరగేసి చూశాడు, వాసన చూశాడు. "ఏమన్నా కొట్టావా దీని మీద?"

"నిన్న సాయంత్రం ఇంట్లో సగం డబ్బా మిగిలుంటే కొట్టాన్లే. నీ దగ్గరికొచ్చేలోపల ఊరికే ఉండటం ఎందుకని."

"బావుంది. మందు కొట్టి ఆకు కోసుకొస్తే పురుగేంటో నేనెట్టా చెప్పేది మావయ్యా? బలంలేనివి రాలిపోయాయి. మొండివి ఎక్కడో దాక్కుని ఉంటాయి. ఈ ఆకు చూస్తే ఏమీ లేనట్టే ఉంటుంది. చేనేమో తగలబడుతుంటుంది."

"మరి ఏం చెయ్యమంటావు?"

"ముందు ఆకు చూపించాలి, తర్వాత మందు కొట్టాలి. అదీ సగం డబ్బా కాదు. సగం సగం కొట్టే కదా ఈ పురుగుల్ని ఇట్టా రాటుదేల్చారు మీరంతా."

"మీరంతా అంటావేంటి, మందు అమ్మింది నువ్వేగా" అన్నాడు వెంకటప్పయ్య. ఇద్దరూ నవ్వుకున్నారు.

వినీల నవ్వలేదు. బిల్లు పుస్తకం మీద పెన్ను పెట్టి అలాగే ఉండిపోయింది. ముందు ఆకు, తర్వాత మందు. మందు కొట్టిన ఆకు చూస్తే ఏమీ లేనట్టే ఉంటుంది. విజయవాడకు తను మోసుకెళుతున్నది ఏ ఆకు?

ఆ మధ్యాహ్నం ఇంటికి వెళుతూ వెంకటాద్రి గారి వరండా ముందు ఆగింది. ఆయన ఎవరికో బీపీ చూస్తున్నారు. వాళ్లు వెళ్లేదాకా నిలబడింది.

"ఏంటమ్మాయ్, మళ్లీ జ్వరమా?"

"లేదండీ డాక్టరు గారూ. మీరు నాకు వేస్తున్న సూది పేరేంటో కనుక్కుందామని."

ఆయన కళ్లజోడు తీశారు. "పేరుతో నీకేం పని? జ్వరం తగ్గుతోందా లేదా?"

"తగ్గుతోందండి. మళ్లీ వస్తోంది."

"రావడం పోవడం నా చేతుల్లో ఉందా? కిడ్నీ మార్చిన ఒళ్లు. పెద్ద డాక్టర్లకే అంతు దొరకడం లేదు."

"సీసా ఎందుకు తీసుకెళతారండీ?"

ఆ ప్రశ్న ఆయనకు తగిలింది. మొహం ముడుచుకుంది. "ఏం, నీళ్లు పొడుస్తున్నానని అనుమానమా? ఇరవై ఏళ్లుగా ఈ వీధిలో ఎవరూ అడగలేదమ్మాయ్ ఆ మాట. సీసా వదిలేస్తే పేరు చూసుకుని మీరే మెడికల్ షాపులో కొనుక్కుని ఎవరి చేతో పొడిపించుకుంటారు. ఇంక నేనెందుకు?"

అది నిజమే అయ్యుండొచ్చు. కాని పేరు మాత్రం ఆయన చెప్పలేదు. వినీల ఇంటికి చేరేలోపే ఆయన రావమ్మకు ఫోను చేశారు.

"పెద్దాయన్ని పట్టుకుని నిలదీస్తావా?" అంది రావమ్మ గుమ్మంలోనే. "అర్ధరాత్రి పిలిచినా వచ్చే మనిషి. రేపు నాకేదన్నా అయితే ఎవరొస్తారు, నీ విజయవాడ డాక్టరొస్తుందా?"

ఆ మాట కొట్టిపారేసేది కాదు. దగ్గరలో నమ్మకంగా చూపించుకోదగ్గ వైద్యం ఉంటే, సంచీ పట్టుకుని తిరిగే మనిషి ఇంతమందికి దిక్కవడు. తప్పంతా వెంకటాద్రి గారి నెత్తిన రుద్దేసి చేతులు దులుపుకోవడం తేలిక.

దసరా వెళ్లాక జ్వరం మళ్లీ వచ్చింది. ఈసారి గట్టిగా వచ్చింది. తెల్లవారేసరికి వినీల రెండు దుప్పట్ల కింద వణుకుతోంది. కిరీటి చొక్కా వేసుకుంటూ ఫోను తీశాడు.

"వెంకటాద్రి గారిని రమ్మంటా. సూది వేయించుకుని మొదటి బస్సుకు పోదాం."

"వద్దు."

"వద్దంటే? కూర్చోలేవు బస్సులో."

"కూర్చుంటాను. కూర్చోలేకపోతే పడుకుంటాను. సూది మాత్రం వద్దు."

గుమ్మం దగ్గర నిలబడ్డ రావమ్మ అందుకుంది. "నీ పంతం నా కొడుకు కిడ్నీ మీద చూపించకు తల్లీ."

వినీల అత్తగారి వైపు చూడలేదు. కిరీటినే చూస్తూ అడిగింది. "వెంకటప్పయ్య మావయ్య తెచ్చిన ఆకు గుర్తుందా మీకు?"

"ఇప్పుడు ఆకేంటి?"

"మందు కొట్టిన ఆకు చూసి పురుగేంటో చెప్పలేనన్నారు కదా. మూడుసార్లు నన్ను మందు కొట్టే తీసుకెళ్లారు. ఈసారైనా కొట్టకుండా తీసుకెళ్లండి."

కిరీటి చేతిలో ఫోను అలాగే ఉంది. అతని మొహంలో నమ్మకం కనిపించలేదు. కాని తన కొట్లో తను రోజూ చెప్పే మాట అది. ఫోను జేబులో పెట్టుకున్నాడు.

కారు మాట్లాడదామంటే పొద్దున్నే ఎవరూ దొరకలేదు. బస్సులో కిటికీ పక్క సీటు. మైలవరం ఇంకా రాకముందే వినీలకు మంట భరించరానిదైంది. కిరీటి లేచి కండక్టరును అడిగాడు.

"ఎక్కడపడితే అక్కడ ఆపడానికి ఇదేమన్నా ఆటోనా సార్? మైలవరం స్టాండులో దిగండి."

వెనక సీట్లోంచి కూరగాయల బుట్ట పెట్టుకున్న ఒక పెద్దావిడ గొంతెత్తింది. "నీకు టీ తాగాలనిపిస్తే ఆగుతుందే ఈ బస్సు? ఆ పిల్ల మొహం చూశావా? ఆపు నాయనా."

"నాదేముందమ్మా, డ్రైవరుకు చెప్పండి."

"డ్రైవరుకు చెప్పేది నువ్వే. బెల్లు నీ చేతిలో ఉంది."

బస్సు ఆగింది. ఆవిడే వినీల చెయ్యి పట్టుకుని దించి, పొదల పక్కన తన చీరకొంగు అడ్డంపెట్టి నిలబడింది. తిరిగి ఎక్కేటప్పుడు వినీల ఏదో చెప్పబోతే, "మాటలాపి నీళ్లు తాగు. ఆపుకోవాల్సొస్తుందని భయపడి మనం నీళ్లు మానేస్తాం, నాకు తెలీదా" అంది. కిరీటి ఆ మాట విన్నాడు. భార్య చేతిలో ఉన్న నిండు నీళ్ల సీసా వైపు, పొద్దుట్నుంచీ మూతైనా తియ్యని ఆ సీసా వైపు, అప్పుడు చూశాడు.

ఆసుపత్రిలో ఆ రోజు డాక్టర్ గీతాంజలి ఉన్నారు. వినీలకు ఆపరేషనయినప్పటి నుంచీ తెలిసిన కిడ్నీ డాక్టరు. పరీక్షలకు రాస్తూ, అలవాటుగా అడిగారు.

"వచ్చేముందు మందులేమైనా వాడారా?"

కిరీటి నోరు తెరిచేలోపు వినీల చెప్పింది. "ఈసారి వాడలేదు మేడమ్. ఇదివరకు మూడుసార్లూ సూది వేయించుకుని వచ్చాను. చెప్పలేదు."

డాక్టరు పెన్ను పక్కన పెట్టారు. "ఏం సూది?"

"పేరు తెలీదు. బస్సెక్కడానికి వేస్తారు."

డాక్టరు కిరీటి వైపు తిరిగి, "ఆ సూది వేసినాయనకు ఫోను చెయ్యండి. నేను మాట్లాడతాను. అరవను, భయపడొద్దని చెప్పండి" అన్నారు.

పెద్దాసుపత్రి డాక్టరు లైన్లో ఉన్నారని తెలిశాక వెంకటాద్రి గారు పేరు చెప్పారు. అమికాసిన్ అనే యాంటీబయాటిక్. డాక్టరు ఫోను తిరిగి ఇచ్చేసి, వినీలకు చెప్పడం మొదలుపెట్టారు.

"అది మంచి మందే. మూత్రంలోకి బాగా దిగుతుంది. అందుకే మీరు సీసా పట్టి ఇచ్చేసరికి అందులో ఏమీ పెరగలేదు. కాని ఒక్క డోసుకు జబ్బు పోదు. నాలుగు రోజులాగి మళ్లీ లేస్తుంది. ఇంకో సంగతి, అది కిడ్నీని దెబ్బతీసే మందు. కిడ్నీ మార్చుకున్నవాళ్లకు మేమే ఆచితూచి వాడతాం. మీ క్రియాటినిన్ పెరిగిందంటే ఇన్ఫెక్షనొక కారణం, ఆ సూదొక కారణం అయ్యుంటుంది. మేమేమో మీరు మాత్రలు మానేస్తున్నారనుకున్నాం."

"అందరూ అదే అనుకున్నారు" అంది వినీల. కిరీటిని చూడకుండా అంది.

డాక్టరు ఆ మాట దాటేయలేదు. "మా తప్పూ ఉంది. మందులు వాడారా అని అడిగి ఊరుకున్నాం. సూది వేయించుకున్నారా అని విడిగా అడగాల్సింది. మనూళ్లల్లో ఆ రెండూ వేరని నాకు తెలిసి ఉండాల్సింది."

ఈసారి వినీల ఇచ్చిన సీసాలో సూక్ష్మజీవి పెరిగింది. విస్తారంగా పెరిగింది. మామూలుగా ఇచ్చే మాత్రల్లో దాదాపు దేనికీ లొంగని రకం. చిన్న జ్వరానికీ దగ్గుకూ ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ మాత్ర రెండు రోజులు వేసుకుని మానేయడం, ఒకరి అట్ట ఒకరు వాడుకోవడం, ఇలా ఏళ్ల తరబడి రాటుదేలిన సూక్ష్మజీవులివి. వినీల ఒక్కదాని అలవాటు కాదు, ఇంటింటి అలవాటు. రోజూ నరంలోకి ఎక్కించే మందు ఒకటి మిగిలింది. రెండు వారాలు ఆసుపత్రిలో ఉంచి అది ఎక్కించారు.

ఆ రెండు వారాల్లో కిరీటి కొట్టుకూ ఆసుపత్రికీ మధ్య తిరిగాడు. ఒక మధ్యాహ్నం మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, కమలాపండు వలుస్తూ, తలెత్తకుండా అన్నాడు.

"ఆ రోజు నేను చూసింది ఎక్స్‌పైరీ డేటు కాదు."

"తెలుసు."

"తెలిసీ అడగలేదే?"

"అడిగితే మీరు ఇంకో అబద్ధం చెప్పేవాళ్లు. మొదటిదే మింగుడు పడలేదు నాకు."

అతను కమలా తొనలు ఆమె చేతిలో పెట్టాడు. ఆమె తిన్నది. క్షమించేసిందని కాదు. ఆకలేసింది.

ఇంటికొచ్చాక క్రియాటినిన్ దిగింది. మొదట ఉన్నంతకు మాత్రం దిగలేదు. కిరీటి ఇచ్చిన కిడ్నీలో కొంత భాగం, ఆ ఆరేడు నెలల్లో, ఎవరూ చూడకుండా పోయింది. అది తిరిగి రాదు. మిగిలింది ఎంతకాలం పనిచేస్తుందో ఎవరూ రాసివ్వలేదు.

కొట్టు వెనక యూరియా బస్తాలు పెట్టే రేకుల గదిలో సగం ఖాళీ చేయించి కిరీటి బాత్‌రూమ్ కట్టించాడు. తాళంచెవి మేకుకు వేలాడుతుంది. పక్కన బట్టల కొట్లో పనిచేసే అమ్మాయిలూ, ఎదురుగా పూలమ్మే ఆవిడా వచ్చి తాళంచెవి తీసుకువెళతారు. "పురుగుమందు కొనడానికి ఇంతమంది ఆడవాళ్లా" అని ఎవరో ఎగతాళి చేస్తే, "నీ పెళ్లాన్ని కూడా పంపు" అన్నాడట కిరీటి.

అనుమానం మాత్రం ఆ ఇల్లు వదిలిపోలేదు. నెల తర్వాత చేసిన పరీక్షలో సూక్ష్మజీవులు కాసిని కనిపించాయి. వినీలకు మంట లేదు, జ్వరం లేదు. డాక్టర్ గీతాంజలి మందు రాయలేదు. ఒంట్లో బాధ లేకుండా రిపోర్టులో కనిపించినంత మాత్రాన కొడితే ఉన్నవి ఇంకా మొండికెత్తుతాయన్నారు. బాధ మొదలైతే మాత్రం ఆలస్యం చేయకుండా, సూదీ మాత్రా ముట్టకుండా రమ్మన్నారు.

"ఉన్నాయంటూనే మందియ్యనంటుందేంటి ఆవిడ?" అంది రావమ్మ. "అప్పుడేమో ఏమీ లేదని మాత్రలిచ్చారు. ఇప్పుడేమో ఉందని ఇవ్వరు. ఏ మాట నమ్మాలే?"

"నమ్మొద్దు అత్తయ్యా. అడగండి" అంది వినీల. "నేనూ అడిగాను. ఎందుకో చెప్పింది. చెప్పకపోతే ఇంకోసారి అడిగేదాన్ని."

రావమ్మ కోడలికి క్షమాపణ చెప్పలేదు. అలాంటి మనిషి కాదు. కాని చలికాలంలో మోకాళ్లు పట్టేసి వెంకటాద్రి గారిని పిలిపించుకున్నప్పుడు, ఆయన సిరంజిలోకి మందు ఎక్కిస్తుంటే చెయ్యి అడ్డంపెట్టింది.

"ఆగు డాక్టరు గారూ. దాని పేరేంటి?"

ఆయన వంటగది వైపు, వినీల ఉన్న వైపు, ఒక చూపు చూశారు. "మీక్కూడా అంటించిందా మీ కోడలు ఈ జబ్బు?"

"అంటించిందిలే. పేరు చెప్పి పొడువు. సీసా ఇక్కడ పెట్టి వెళ్లు."

ఆయన పేరు చెప్పారు. సీసా బల్ల మీద పెట్టి వెళ్లారు.

ఇది చదివిన మీరు కూడా ఆ పని చేయండి. సూది పొడిపించుకునే ముందు దాని పేరు అడగండి, సీసా చూపించమనండి. అడిగితే పెద్దాయన నొచ్చుకుంటాడని ఆగిపోవద్దు. మూత్రంలో మంటా చలిజ్వరమూ ఉంటే, ముందు పరీక్షకు సీసా పట్టి ఇవ్వండి, ఆ తర్వాతే మొదటి మందు. నిలబడలేనంత జ్వరమైతే దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. అక్కడ కూడా, మందు ఎక్కించే ముందు మూత్రం పట్టుకోమని అడగండి. డాక్టరు "ఏం వాడారు" అంటే బస్సెక్కడానికి వేయించుకున్నది కూడా చెప్పండి. మీ ఇంట్లోనో, వీధిలోనో కిడ్నీ మార్చుకున్న మనిషి ఉంటే ఇవాళే వెళ్లి ఈ సంగతి చెప్పండి. మీ బజారులో ఆడవాళ్లకు చోటు లేకపోతే దానికోసం పంచాయతీని నిలదీయండి. అన్నింటికంటే ముందు, మీ ఇంటి ఆడమనిషి ఒళ్లు కాలిపోతోందన్నప్పుడు రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా నమ్మండి.